బడి పండుగకు వలస గండం

తనకల్లు: నవంబరు 14 వచ్చిందంటే మండలంలోని ప్రాథమిక పాఠశాలల్లో రంగు కాగితాల తోరణాలు వేలాడుతాయి. నెహ్రూ చిత్రపటానికి బంతిపూల మాల పడుతుంది. ఐదో తరగతి బాలిక పంతులమ్మ స్థానంలో నిలిచి ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంది. మిఠాయిలు పంచుతారు, పాటలు పాడిస్తారు. సందడి అంతా సక్రమంగానే సాగుతుంది. లోటల్లా ఒక్కటే. ఆ సందడిని కళ్లారా చూడవలసిన తల్లిదండ్రుల్లో కొందరు అప్పటికే బెంగళూరు బస్సు ఎక్కి ఉంటారు. మరికొందరు వేరుశెనగ కట్టె పీకి, కాయ రాల్చి, అప్పుల లెక్క చూసుకుని మూటాముల్లె సర్దుకునే పనిలో ఉంటారు. వారి వెంట వెళ్లవలసిన పిల్లలు కూడా ఆ తోరణాల కిందే కూర్చుని ఉంటారు.

చూసేవారు లేని పండుగ ఎంతకాలం నిలుస్తుంది? కరవు సీమలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ముందున్న ప్రశ్న ఇదే. ఉత్సవాలు తగ్గిపోయాయని కాదు, నిజానికి అవి మునుపటికంటే పెరిగాయి. కానీ ఏ రోజున ఏ ఉత్సవం జరపాలో చెప్పే క్యాలెండరు ఎక్కడో తయారవుతోంది. ఊరు ఎప్పుడు నిండుగా ఉంటుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో నిర్ణయించేది మాత్రం వాన. ఈ రెండింటికీ పొంతన కుదరనందున బడి వేడుక ఊరి వేడుక కాలేకపోతోంది. బడి తమదన్న భావన ఊరికి సడలితే పిల్లల సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గితే ఉపాధ్యాయ పోస్టు తరలిపోతుంది. ఈ వరుస ఇక్కడి పల్లెలకు కొత్తేమీ కాదు.

వాన చెప్పే తేదీలు

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల ఆవలే బరువు దించుకుని, ఈవలికి వచ్చేసరికి తేలికవుతాయి. ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరం. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి తనకల్లు అందులో చేరినప్పటికీ మేఘాల తీరులో మార్పేమీ లేదు. జూన్, జూలై నెలల్లో పదును దొరికితే వేరుశెనగ విత్తుతారు. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే ఆ ఏటి ఆశ అక్కడితో సరి. అక్టోబరు, నవంబరుల్లో పంట ఇంటికి చేరుతుంది, లేదా చేరదు. అటు తర్వాత మెట్ట పొలంలో పని ఉండదు. బోరుబావి ఉన్నవారు టమోటా వంటి పంటలతో నెట్టుకొస్తారు. లేనివారు బెంగళూరులో భవన నిర్మాణ పనులకో, కేరళకో దారి పడతారు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికి ప్రారంభించిన చోటు ఉమ్మడి జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లి కావడం గమనార్హం. ఆ పథకం వలసకు కొంత అడ్డుకట్ట వేసిన మాట వాస్తవమే గాని, వలస మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఈ వాన క్యాలెండరు పక్కన బడి క్యాలెండరును పెట్టి చూడవలసి ఉంది. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ నెలలో చేరికల ఉత్సవం. రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చింది: చదువుల పండుగ, బడిబాట, బడి పిలుస్తోంది, మనబడికి పోదాం. పేరు ఏదైనా పని ఒక్కటే, పలకలు పట్టించి ఊరేగింపు తీసి ఈడొచ్చిన పిల్లలను బడిలో చేర్చడం. ఆ సమయానికి జనం ఊళ్లోనే ఉంటారు గనుక అది బాగానే సాగుతుంది. ఆగస్టు 15 నాటికీ ఊరు నిండుగానే ఉంటుంది. చేనులో కలుపు తీసే పనిని కాసేపు ఆపి తల్లులు జెండా దగ్గరకు వస్తారు. సెప్టెంబరు 5 గురుపూజోత్సవం వరకూ ఇబ్బంది లేదు.

చిక్కంతా నవంబరు నుంచి మొదలవుతుంది. బాలల దినోత్సవం నుంచి జనవరి 26 గణతంత్ర దినోత్సవం, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం, ఆపైన వార్షికోత్సవం దాకా వచ్చే వేడుకలన్నీ వలస నెలల్లోనే పడుతున్నాయి. వీటన్నింటిలో పిల్లలు ఎక్కువగా ఎదురుచూసేది, ఎక్కువ రోజులు సాధన చేసేది వార్షికోత్సవానికే. వేషం కట్టిన ఏడేళ్ల పిల్లవాడు వేదిక మీదికి రాగానే ముందు చూసేది ప్రేక్షకుల్లో తన తల్లి ఎక్కడుందోనని. ఆ తల్లి బెంగళూరులో ఇటుకలు మోస్తూ ఉంటుంది. అవ్వ వస్తుంది, కన్ను సరిగా ఆనకపోయినా ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె రావడం చిన్న విషయం కాదు. అయినా వెలితి వెలితే.

ఉత్తర్వుల ఉత్సవాలు

వేడుకల సంఖ్య విషయానికి వస్తే పాఠశాలలకు కొదవ లేదు. జూన్ 21 యోగా దినోత్సవం, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 11 జాతీయ విద్యా దినోత్సవం, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరు 22 గణిత దినోత్సవం, జనవరి 12 యువజన దినోత్సవం, జనవరి 25 ఓటర్ల దినోత్సవం. వీటిలో పలు దినోత్సవాలు 2000 తర్వాత వచ్చి చేరినవే. ఒక్కోదానికీ ఒక ఔచిత్యం ఉంది, కాదనలేం. అయితే ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో, కొన్నిచోట్ల ఒక్కరే ఉన్న బడిలో, ఇన్ని దినాలను నిర్వహించడమంటే ఫొటో తీసి పంపడమే పరమావధిగా మారే ప్రమాదం ఉంది. బ్యానరు ముందు పిల్లలను వరుసగా నిలబెట్టడం, ఒక ఫొటో తీయడం, దానిని పై అధికారుల వాట్సాప్ బృందంలోకి పంపడం, మళ్లీ పాఠం. ఓటు హక్కుకు పుష్కరకాలం దూరంలో ఉన్న చిన్నారుల చేత ఓటర్ల ప్రతిజ్ఞ చేయించడం చూసేవారికి ముచ్చటగా ఉండవచ్చు, వారికి మాత్రం అది మరో కంఠస్థం.

విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఉత్సవం ఆ గంటలను తినివేస్తుందన్న వాదన ఉపాధ్యాయుల్లో వినవస్తూనే ఉంటుంది. అది సగం నిజం. పిల్లల చేత పని చేయించే ఉత్సవం బోధనలో భాగం, పిల్లలను నిలబెట్టి ఫొటో తీసే ఉత్సవం బోధనకు నష్టం. ఈ తేడాను రాష్ట్రం ఎప్పుడో గుర్తించింది కూడా. 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలై 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ముందుకు తెచ్చింది. చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను పాఠంగా వాడుకోవడం, పిల్లలు చేసిన వాటిని గోడల మీద ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. ఆనాడు శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు అవి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. ఇటీవలి కాలంలో శనివారాలను సంచీ లేని రోజులుగా పాటించాలన్న ఆదేశాల వెనుక ఉన్నదీ ఈ ఆలోచనే. శనివారం సంచీ ఇంట్లో పెట్టి వచ్చిన పిల్లవాడికి ఆ రోజు చేయడానికి ఏముందన్నదే అసలు సంగతి.

మదనపల్లె దారిలో

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తనకల్లువాసులు చాలా దూరం పోనక్కరలేదు. కదిరి నుంచి తనకల్లు, ములకలచెరువుల మీదుగా సాగే రహదారి మదనపల్లెకు చేరుతుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో ఆ ఊరి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, జాతీయ గీతంగా తర్వాత స్థిరపడిన తన గేయాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కూర్చారు. ప్రతి రోజూ తనకల్లు పిల్లలు ప్రార్థన సమావేశంలో పాడే గీతానికి ఇంత దగ్గరి చుట్టరికం ఉందని బడిలో చెబితే, ఆ రోజుకు అంతకు మించిన పాఠం ఉండదు. అదేవిధంగా, వారు చెప్పే ప్రతిజ్ఞను 1962లో తొలుత తెలుగులోనే రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఈ సంగతి పాఠ్యపుస్తకం తొలి పుటల్లో ప్రతిజ్ఞ చదివే ఎందరికి తెలుసన్నది వేరే విషయం.

ఠాగూర్ ప్రస్తావన ఇక్కడ ఊరకే రాలేదు. ఆయన శాంతినికేతన్ బడికి ఏర్పరచిన పండుగలు తేదీల పండుగలు కావు, రుతువుల పండుగలు. వానలు మొదలయ్యాక వర్షమంగళం, 1928లో ప్రారంభమైన వృక్షారోపణం, నాగలి పట్టే హలకర్షణం, వసంతోత్సవం. చుట్టూ ఉన్న నేల ఏ పనిలో ఉంటే బడి ఆ పనిని పండుగ చేసుకునేది. నేల, బడి వేర్వేరు క్యాలెండర్లలో నడవలేదు.

మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ ఆ ఊరికి సమీపంలోనే ఉంది. అక్కడి గ్రామీణ విద్యా విభాగం 1980ల్లో చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులను నెలకొల్పింది. పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో తయారైన కార్డుల పద్ధతిలో పిల్లవాడు తన వేగంతో తాను మెట్లెక్కుతాడు, ఒకే గదిలో పలు తరగతులు సాగుతాయి. ఆ పద్ధతి కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటె ప్రాంతంలో 'నలి కలి'గా, 2003 నుంచి చెన్నైలో కృత్యాధార బోధనగా విస్తరించింది. పొరుగున పుట్టిన విత్తనం పొరుగు రాష్ట్రాల్లో చెట్టయింది.

ఆ బడుల్లో పాఠంతోపాటు సాగిన కొలతల సంత, అంటే మెట్రిక్ మేళా, ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పిల్లలు బడి ఆవరణలో అంగళ్లు పెడతారు. కాయగూరలు, గింజలు తెచ్చి తూస్తారు, కొలుస్తారు, అమ్ముతారు, చిల్లర ఇస్తారు. కొనేవారు ఊరివారు. దానిని తనకల్లు నేలకు అన్వయించుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. అక్టోబరు చివర, కాయ ఇంటికి చేరిన వారంలో, ప్రతి ఇంటి నుంచీ ఒక శేరు వేరుశెనగ కాయ. కిలో కాయ వలిస్తే ఎంత గింజ తేలుతుంది? వానలు బాగున్న ఏడు 700 గ్రాముల దరిదాపుల్లో, చెడిన ఏడు అంతకంటే తక్కువ. మార్కెట్లో వ్యాపారి ధర కట్టేది ఈ లెక్క మీదే. ఐదో తరగతి పిల్లలు దానిని తామే తూచి, శాతం కట్టి, గోడ మీద రాస్తే శాతాల పాఠం పూర్తయినట్టే. తరాజు సరిగా పట్టడం ఎలాగో చూపేది ఉపాధ్యాయుడు కాదు, రైతు. శేరు, పడి, సోల, గిద్ద ఏమిటో, జాన, మూర ఏమిటో చెప్పేది అవ్వాతాతలు. అక్షరం రాదని బడి గడప తొక్కడానికి జంకే తండ్రి ఆ రోజు బడిలో పెద్దమనిషి. దీనికయ్యే ఖర్చు లేదు. మిగిలిన కాయను బెల్లంతో కలిపి పిల్లలకే పెట్టవచ్చు.

ఇక్కడ ఒక విడ్డూరం కూడా ఉంది. మధ్యాహ్న భోజనంలో భాగంగా పిల్లలకు వేరుశెనగ చిక్కీలు ఇస్తారు. 2023 మార్చి నుంచి రాగి జావ కూడా చేరింది. వేరుశెనగ పండించే నేలకు వేరుశెనగ పొట్లం కట్టి వస్తుంది, రాగి సంగటి తిని పెరిగిన సీమకు రాగి పోషకాహారంగా తిరిగి వస్తుంది. వచ్చినందుకు సంతోషమే. అది ఈ నేల తిండేనని పిల్లలకు చెప్పే సందర్భం మాత్రం బడి క్యాలెండరులో ఎక్కడా కనిపించదు.

మొక్క నాటేది జూలైలో, ఎండేది మేలో

బడి వేడుకలు నేల క్యాలెండరుతో ఎలా తలపడతాయో వనమహోత్సవం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ దీనిని ప్రారంభించారు. జూలై తొలి వారంలో నాటడం ఉత్తరాదికి, తీరానికి చక్కగా సరిపోతుంది. ఇక్కడ జూలైలో ఒక పదును దొరికినా ఆ తర్వాత నెలరోజుల ఎడం రావచ్చు. అది గట్టెక్కినా అసలు పరీక్ష ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు. వేసవి సెలవులు అవే, మండే ఎండలు అవే. ఏడాదంతా గ్లాసుతో నీరు పోసిన పిల్లలు ఇళ్లలో ఉంటారు, బడి గేటుకు తాళం ఉంటుంది. మళ్లీ జూన్‌లో బడి తెరిచేసరికి కంచె మాత్రం మిగులుతుంది. అదే గుంతలో మరో మొక్క, మరో ఫొటో.

వేప, కానుగ వంటి నేలకు అలవాటుపడిన చెట్లను ఎంచుకోవడం, మధ్యాహ్న భోజనం తర్వాత పళ్లాలు, చేతులు కడిగిన నీరు మొక్కల పాదులకు చేరేలా కాలువ తీయడం, సెలవుల్లో ఒక్కో మొక్కను బడి పక్క ఇంటికి అప్పగించడం. ఇవి పెద్ద ఆలోచనలు కావు. నాటిన రోజును కాక, మూడో వేసవి దాటిన చెట్టును పండుగ చేసుకునే బడి ఉంటే దాని వనమహోత్సవానికి అర్థముంటుంది.

పెద్ద పిల్లలు లేని బడి

ఉత్సవాన్ని నిలిపేది నిధులని అనుకోవడం పరిపాటి. నిధుల కొరత లేకపోలేదు. సమగ్ర శిక్ష కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఇచ్చే ఉమ్మడి గ్రాంటు ఏడాదికి 10 వేల రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు ఉంటే 25 వేలు. అందులో పదో వంతు పారిశుద్ధ్యానికి పోతుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిల్లర మరమ్మతులు పోను జెండా పండుగ మిఠాయిలకు మిగిలేది స్వల్పం. ఆ లోటును ఉపాధ్యాయుల జేబో, దాతల చెయ్యో పూడ్చడం అందరికీ తెలిసిందే. అయితే డబ్బుకంటే పెద్ద లోటు మరొకటుంది. అది పెద్ద పిల్లలది.

ప్రాథమిక పాఠశాలలో పండుగను నడిపేది నాలుగు, ఐదు తరగతులవారే. ప్రార్థనలో ఆదేశాలిచ్చేది వారు, డప్పు కొట్టేది వారు, మాల గుచ్చేది వారు, చిన్నవాడి చేయి పట్టి వేదిక ఎక్కించేది వారు. 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వు దరిమిలా పలుచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాలలకు కలిపారు. ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగిలిన బడిలో చదువు ఎలా సాగిందన్న చర్చ విస్తృతంగా జరిగింది. పండుగ ఎలా సాగిందన్నది ఎవరూ అడగలేదు. ఆరేళ్ల పిల్లలు జెండా తాడు కట్టలేరు, కవాతు చేయలేరు. ఉన్నత పాఠశాలకు వెళ్లిన ఎనిమిదేళ్లవారు అక్కడ అందరికంటే చిన్నవారై చివరి వరుసలో నిలిచారు. నాయకత్వం వహించే వయసు, అవకాశం రెండూ ఒకేచోట లేకుండా పోయాయి. 2025లో ఆ ఉత్తర్వును ఉపసంహరించి బడులను తొమ్మిది రకాలుగా పునర్వ్యవస్థీకరించారు. పిల్లల సంఖ్య తగినంత ఉన్నచోట తరగతికొక ఉపాధ్యాయునితో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. తరగతికొక గురువు ఉన్న బడిలో పండుగ కళ ఎలాగూ ఉంటుంది. సంఖ్య లేని చిన్న పల్లెల, తండాల బడులకే దిక్కు వెతకవలసి ఉంది.

తండాల మాట వచ్చింది గనుక ఒక సంగతి. కదిరి ప్రాంతంలో తెలుగుతోపాటు ఉర్దూ మాట్లాడే ఇళ్లు, లంబాడీ మాట్లాడే తండాలు ఉన్నాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు, ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం జరుపుతారు. రెండు రోజులూ తెలుగు పద్యాలే వినిపిస్తే తండా నుంచి వచ్చిన చిన్నారికి ఆ రెండింటికీ తేడా తెలియదు. రెండో రోజున ఆ పాప అవ్వను పిలిచి ఆమె భాషలో ఒక కథ చెప్పించడానికి ఏ గ్రాంటూ అక్కరలేదు.

వార్షికోత్సవ వేదిక మీద సినిమా పాటల జోరు గురించి ఫిర్యాదులు పాతవే. ప్రైవేటు పాఠశాలల రంగుల దీపాల వేదికలతో పోటీపడాలన్న తపన దీనికి ఒక కారణం. తల్లిదండ్రులు వ్యాను వచ్చే బడిని ఎంచుకోవడానికి చదువుతోపాటు ఆ వేదిక కూడా కారణమవుతోందన్నది కాదనలేని నిజం. కానీ ఆ పోటీలో ప్రభుత్వ బడి గెలవలేదు, గెలవనక్కరలేదు. చెక్కభజన, కోలాటం నేర్పగల గురువులు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఇదే జిల్లాలోని ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుగాంచింది, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. తెర కట్టి, వెనుక దీపం పెట్టి, అట్టముక్కలతో పిల్లలే బొమ్మలు చేసి ఆడిస్తే అది చేతిపని పాఠం, భాషా పాఠం, ఊరి కళ మూడూ అవుతుంది. సిగ్గుపడే పిల్లవాడు కూడా తెర వెనుక గొంతెత్తుతాడు.

డిసెంబరా, జూలైయా?

తల్లిదండ్రులను బడికి రప్పించే విషయంలో ఇటీవలి పెద్ద ప్రయత్నం మెగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశం. తొలిసారి 2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా ఒకే రోజున ప్రభుత్వ బడుల్లో జరిపారు. బాపట్లలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పాల్గొన్నారు. రెండోది 2025 జూలై 10న జరిగింది, ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి లోకేశ్ వచ్చింది ఈ జిల్లాలోని కొత్తచెరువుకే. మూడోది మళ్లీ 2025 డిసెంబరు 5న. పిల్లల ప్రగతి పత్రాన్ని తల్లి చేతికిచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, ఆటల పోటీలు పెట్టడం, కలిసి భోంచేయడం మంచి సంప్రదాయం. మరే కార్యక్రమానికీ కదలని తండ్రులు కూడా దీనికి కదులుతారు. అయితే మూడింటిలో రెండు డిసెంబరులో పడ్డాయి. కోస్తాలో అది వరి కోతలు ముగిసే కాలం. ఇక్కడ అది వలస వెళ్లినవారు ఊళ్లో లేని కాలం. ఎవరి తల్లిదండ్రులతో మాట్లాడటం అన్నింటికంటే అవసరమో వారే రాలేని రోజు. కొత్తచెరువు సమావేశం జరిగిన జూలై మాత్రం, కావాలని చేసినా యాదృచ్ఛికమే అయినా, ఈ సీమకు సరైన నెల.

వలసకు ముందు ఒక సమావేశం ఉండటం మరీ అవసరం. అక్టోబరు చివర, పైన చెప్పిన కొలతల సంత రోజునే ఆ పని జరగవచ్చు. ఎవరు వెళుతున్నారు, పిల్లలు వెంట వెళతారా, అవ్వాతాతల దగ్గర ఉంటారా, ఫోను నంబరేమిటి, వెంట వెళితే ఏ పుస్తకం తీసుకెళతారు అన్నది ఆనాడే రాసుకోవచ్చు. వలస కుటుంబాల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కాలంలో కాలానుగుణ వసతి గృహాలు నడిచాయి. అటువంటివి ఫలించాలంటే పిల్లల జాబితా నవంబరుకు ముందే చేతిలో ఉండాలి. బస్సు ఎక్కిన తర్వాత తయారయ్యే జాబితా ఎవరికీ ఉపయోగపడదు.

ఇక వార్షికోత్సవం. కోస్తాకు సంక్రాంతి ఎంతో సీమకు ఉగాది అంత. అంతకు ముందే ఫాల్గుణంలో కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, రథోత్సవం. బెంగళూరు వెళ్లినవారు ఏడాదిలో ఒకసారైనా ఊరి ముఖం చూసేది ఈ పక్షం రోజుల్లోనే. బడులు ఏప్రిల్ 23 దాకా నడుస్తాయి, అప్పటికి ఒంటిపూట బడులే. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో హడావిడిగా ముగిసే వార్షికోత్సవాన్ని ఉగాదికి ముందువెనుకల ఒక సాయంత్రానికి జరిపితే చల్లని వేళ, నిండిన ఊరు, వేదిక ముందు తల్లీతండ్రీ ముగ్గురూ కలుస్తారు. దీనికి ఇబ్బందులు లేకపోలేదు. చాలామంది ఉపాధ్యాయులకు సొంత ఊరు వేరు, పండుగకు వారూ ఇంటికి పోవాలి. పరీక్షలు దగ్గరపడతాయి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది గనుక బిల్లులు అంతకుముందే పెట్టాలన్న తొందర ఉంటుంది. ఇవేవీ తీర్చలేనివి కావు. పండుగ రోజునే అక్కరలేదు, రెండు రోజులు అటో ఇటో చాలు. ఖర్చు ముందే చేసి వేడుక తర్వాత చేయడానికీ అడ్డులేదు.

ఈ తేదీ మార్చడానికి అమరావతి నుంచి ఉత్తర్వు రావలసిన పని లేదు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. 22వ సెక్షన్ కింద బడి అభివృద్ధి ప్రణాళికను రాసేదీ ఆ కమిటీయే. బెంగళూరు ఎప్పుడు వెళతామో, ఎప్పుడు తిరిగి వస్తామో ఆ తల్లులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. జూన్ 12న బడి తెరిచాక జరిగే మొదటి సమావేశంలోనే అక్టోబరు సంతకూ, ఉగాది నాటి వార్షికోత్సవానికీ తేదీలు రాసుకోవచ్చు. అప్పటికి అందరూ ఊళ్లోనే, విత్తనం సిద్ధం చేసుకుని పదును కోసం ఆకాశం వైపు చూస్తూ ఉంటారు.